టమాటా గుర్తు, పలక గుర్తు

గోనెసంచి బోర్లించేసరికి జామెట్రీ బాక్సులు వసారా బండల మీద గలగలమంటూ చెల్లాచెదురయ్యాయి. ఒకటి జారుకుంటూ పోయి వెంకటేశులు కుర్చీ కాలికి తగిలి ఆగింది.

"ఇవి యాడివి తాతా?"

చంద్రిక రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నిలబడింది. యూనిఫాం వేసుకుంది గానీ ఒక జడే అల్లుకుంది, రెండోవైపు జుట్టు అట్లే వదిలేసింది. తొమ్మిదో తరగతి పిల్ల. నిన్నటిదాకా తాత కంచంలో చెయ్యి పెట్టి తిన్న పిల్ల.

వెంకటేశులు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఏం బాక్సులు?"

"నీకు తెలీదా?"

"సదువుకునే పిల్లోళ్ళకు ఎవురో పుణ్యాత్ముడు ఇచ్చింటాడు. దాంట్లో తప్పేముండాది?"

"ఆ పుణ్యాత్ముడు ఊర్లో పిల్లోళ్ళకు ఇచ్చి కాలనీ పిల్లోళ్ళకు యాల ఇయ్యలే? ఇచ్చేటప్పుడు టమాటాకు ఓటెయ్యండి అని యాల చెప్పినాడు?"

వంటింటి గడపలో మాధవి, సంగటి గెలికే కట్టె చేతిలో పట్టుకుని అట్లే నిలబడిపోయింది. మామ ముందర కూతురు ఇంత గొంతెత్తడం ఆమె ఎప్పుడూ వినలేదు. తనకు కలుగుతున్నది భయమో ఇంకేమో ఆమెకే తెలియడం లేదు.

బడిలో ఓట్లు ఈ పొద్దే. సోషల్ చెప్పే ప్రమీల మేడమ్ ఈ ఏడు పౌరుల హక్కులూ బాధ్యతలూ అన్న పాఠాన్ని పుస్తకంలో చదివించి వదిలేయలేదు. పిల్లల చేతనే నిజం ఎన్నికలు పెట్టిస్తోంది. నామినేషన్లు, గుర్తులు, ప్రచారం, అన్నీ ఉన్నాయి. బడి మొత్తానికీ ఒక విద్యార్థి ప్రధాని. పోటీలో నిలబడింది ఇద్దరే. టమాటా గుర్తు మీద చంద్రిక. పలక గుర్తు మీద మమత, ఎస్సీ కాలనీలో ఉండే మునెప్ప మనవరాలు. సర్పంచి ఎన్నికలప్పుడు కూడా జువ్వలపల్లెలో ఇంత సందడి లేదు.

ఆ సందట్లోనే ఊర్లో పిల్లల చేతుల్లోకి కొత్త జామెట్రీ బాక్సులు వచ్చాయి. సంగతి తెలియగానే చంద్రిక నిన్న సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి వాటిని వెనక్కి తీసుకుంది. ఆరో తరగతి పిల్లలు బాక్సుల్ని కరుచుకుని ఏడిస్తే, వాళ్ళవి మాత్రం వదిలేసింది.

"పొద్దున్నే ఏం రచ్చమ్మే ఇది!" రత్నమ్మ చీపురు పట్టుకుని వాకిట్లోంచి పరుగున వచ్చింది. "ఎదురింటోళ్ళు గోడ మీదికెక్కి సూస్తాండారు. తాతను అట్ల నిలదీస్తారా ఎవురన్నా?"

"సూడనీ అవ్వా. వాళ్ళింట్లో కూడా ఒకటి ఇచ్చినారు. ఇదో, ఇదే."

వెంకటేశులు లేచాడు. ఏండ్ల తరబడి సర్పంచిగా ఉన్న మనిషి. లేస్తే చాలు, వాకిట్లో మాటలు ఆగిపోయేవి. చంద్రిక మాత్రం ఆగలేదు.

"ప్రమీల మేడమ్ ఏం చెప్పిందో తెల్సా? ఓటు అడుక్కోవల్ల, కొనకూడదు అని. నేను క్లాసు క్లాసుకూ తిరిగి అడుక్కున్న్యా తాతా. గొంతు పోయేదాకా అడుక్కున్న్యా. నువ్వొచ్చి దాన్నంతా నాశనం చేసినావు."

"నీకోసమే గదమ్మా సేసింది!" ఆ గొంతులో కోపం కంటే నొప్పే ఎక్కువగా ఉంది. "నువ్వు ఓడిపోతే సూసేదానికి నాకు సేతగాదు. ఊర్లో రిజర్వేషన్ వచ్చి నా కుర్చీ పాయ. సరే, గవర్నమెంటు రూలు అనుకుంటి. బడిలో రూలు యాడుండాది? ఆడ గూడా ఓడిపోతే జనం ఏమంటారు? వాళ్ళే మేలు, మనమే తక్కువ అనరా?"

"అంటే అననీ. ఎక్కువమందికి మమత నచ్చితే మమతే."

"ఆ మునెప్ప మనమరాలు పైన నిలబడుకోని మాట్లాడతాంటే, నువ్వు కింద నిలబడి సెల్యూట్ కొట్టల్లనా?"

"సెల్యూట్ ఏమీ లేదు తాతా. ప్రధాని అంటే మరుగుదొడ్లలో నీళ్ళు వస్తాండాయా లేదా సూసుకునే మనిషి."

రత్నమ్మకు నవ్వొచ్చి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి మొహం చూసి వెంటనే నవ్వు మింగేసింది.

"ఈ మాట నేను ప్రేయర్లో చెప్పేస్తా. అందురి ముందరా చెప్తా."

"సెప్పినావంటే రేపట్నుంచి ఆ బడి లేదు. మదనపల్లెలో ప్రైవేటు హాస్టల్లో పడేస్తా."

"పడేయ్. ఆడ గూడా ఓట్లు పెట్టిస్తా!"

చంద్రిక గిరుక్కున వంటింటి వైపు తిరిగింది.

"అమ్మా, నీకు తెల్సా?"

మాధవి చూపు తిప్పుకుంది.

మొన్న మధ్యాహ్నం మొగుడు శివకుమార్ టమాటాల వ్యాను వాకిట్లో ఆపి, ఖాళీ క్రేట్ల కిందినుంచి అట్టపెట్టెలు దించడం ఆమె చూసింది. పుంగనూరులో కొన్నానన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఆ ఇంట్లో అడగకుండా ఉండడం ఆమెకు పెండ్లయిన కొత్తలోనే అలవాటైపోయింది.

కూతురికి ఆ మౌనమే జవాబు. చంద్రిక స్కూలు బ్యాగు భుజానికి తగిలించుకుంది. గోనెసంచిని అక్కడే వదిలేసి, సంగటి తినకుండా, ఒంటి జడతోనే గడప దాటింది.

వెంకటేశులు చెప్పులేసుకుని మోపెడ్ తీశాడు. "ఆ టీచరమ్మ సంగతి నేను సూస్తా," అంటూ తానూ బయల్దేరాడు.

మాధవి మొగుడికి ఫోన్ చేసింది. మదనపల్లె మండీలో వేలంపాట జోరుగా సాగుతున్నట్టుంది, పాటగాడి కేక తప్ప ఏమీ వినపడడం లేదు.

"గట్టిగా చెప్పు మాధవీ!"

"ఆ బాక్సులు ఓట్లకు అని నీకు తెలిసే తెచ్చినావా?"

అటువైపు శివకుమార్ పక్కకు జరిగినట్టున్నాడు. కేకలు దూరమయ్యాయి. "నాయన తెమ్మన్న్యాడు, తెచ్చినా. నాయన మాటకు ఎదురు చెప్పి మనింట్లో ఎవురన్నా బతికినారా?"

"ఈ పొద్దు నీ కూతురు చెప్పింది. బతికే ఉండాది."

వెనకాల పాటగాడు ఎవరి సరుకుకో రేటు పెంచుతున్నాడు.

"ప్రేయర్లో చెప్తా అని పోయింది," అంది మాధవి. "మీ నాయన గూడా పోయినాడు."

"అయ్యో! నువ్వు బిరీన పో. దాన్ని ఆపు. నాయన పరువు నలుగుర్లో పోతాది."

"ఆపను."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని మాధవి ఉలిక్కిపడింది. ఫోన్ పెట్టేసింది. కొంగు సవరించుకుని చెప్పులు వెతుక్కుంది.

"నువ్వు యాడికి?" అంది రత్నమ్మ.

"బడికి అత్తా. తల్లుల కమిటీలో నా పేరుండాది. ఓట్లు సూసేదానికి రమ్మన్న్యారు."

"మరి సంగటి?"

"అయ్యుండాది. సెనగ్గింజల ఊరిబిండి రోట్లోనే ఉండాది. పెట్టుకోండి."

రత్నమ్మ నేల మీది బాక్సుల వైపు చూసింది. వంగి ఒక్కొక్కటే ఏరి సంచిలో వేయడం మొదలుపెట్టింది. మాధవి వీధి మలుపు దాకా మామూలుగా నడిచింది. మలుపు తిరిగాక పరుగెత్తింది.

*

ఆమె వెళ్ళేసరికి పిల్లలు ప్రార్థనకు వరుసల్లో నిలబడి ఉన్నారు. స్టేజీ పక్కన వెంకటేశులు గొంతు ఖంగుమంటోంది. హెడ్మాస్టరు చేతులు నలుపుకుంటూ అటూ ఇటూ చూస్తున్నాడు.

"నీ ప్లాను నాకు తెలీదనుకున్న్యావా టీచరమ్మా? మీ పిల్లను గెలిపించుకోను ఈ ఓట్ల ఆట పెట్టినావు. మా మనమరాలికి మా మీదనే ఎదురు తిరిగేది నేర్పినావు."

ప్రమీల మేడమ్‌ది పెద్దపంజాణి పక్క ఊరు. అక్కడి కాలనీలోనే పెరిగింది. తల్లీ తండ్రీ కూలికి పోయి చదివించారు. 'మీ పిల్ల' అన్న మాటలో ఏముందో ఆమెకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. అయినా గొంతు పెంచలేదు.

"ఇద్దురూ నా పిల్లోళ్ళే అప్పా. ఒకే పాఠం ఇద్దురికీ చెప్పినా. నాకు ఓటు లేదు. జరిపించేది మాత్రమే నా పని."

"ఆపేయ్ ఈ ఓట్లు."

"ఆపేదానికి పిల్లోళ్ళు ఒప్పుకోవల్ల. వాళ్ళను అడగండి."

వెంకటేశులు పిల్లల వైపు తిరిగాడు. అప్పటికే చంద్రిక మెట్లెక్కి మైకు పట్టుకుని నిలబడి ఉంది. ఆపమని మొగుడు చెప్పింది మాధవికి గుర్తొచ్చింది. అయినా అక్కడే నిలబడింది.

"అందురికీ నమస్తే," అంది చంద్రిక. మైకు కీచుమంది. "మీలో కొందురికి జామెట్రీ బాక్సులు వచ్చినాయి. అవి నాకు ఓటెయ్యమని మా ఇంట్లోవాళ్ళు ఇచ్చినారు. నాకు తెలీకుండా ఇచ్చినారు. అయినా నా పేరు మీద ఇచ్చినారు కాబట్టి తప్పు నాదే. అందుకని నేను పోటీ నుంచి తప్పుకుంటాండా. మమతే మన ప్రధాని."

వెంకటేశులు మొహంలో నెత్తురు చుక్క లేదు.

వరుస మధ్యలోనుంచి ఒక చెయ్యి లేచింది.

"మేడమ్, నేను ఒప్పుకోను!"

అది మమత. సన్నగా, పొడుగ్గా, నూనె రాసి బిగించిన రెండు జడలతో గబగబా స్టేజీ మీదికి వచ్చింది. చంద్రిక చేతిలోని మైకు తీసుకోకుండానే దాని దగ్గరికి వంగింది.

"ఆయమ్మి తప్పుకుంటే నేను గెల్చినట్టు యాడవుతాది? పాపం అని వదిలేసినట్టు అవుతాది. రేపు అందురూ అదే అంటారు. నాకు దయ వద్దు. నాకు ఓట్లు కావల్ల. లెక్కబెట్టి ఇయ్యండి."

"నేను దయతో అనలేదే!" చంద్రిక మైకులోనే అరిచేసింది.

"అయితే నిలబడు. నిలబడి ఓడిపో!"

పిల్లలు ఘొల్లుమన్నారు. ఎవరో ఈల వేశారు. ఇద్దరమ్మాయిలూ ఒకరినొకరు కోపంగా చూసుకుని, ఆ కోపం ఆగక ఫక్కున నవ్వారు.

ప్రమీల మైకు అందుకుంది. "బాక్సు తీసుకున్నోళ్ళు భయపడాల్సిన పనిలేదు. మీ ఓటు మీది. లోపల ఒక్కరే ఉంటారు. ఎవురికి ఏసినారో నాకూ తెలీదు, మీ తాతలకూ తెలీదు. అమ్మా మాధవీ, మీరొచ్చి పెట్టెకాడ కూచోండి."

మామ చూస్తుండగానే మాధవి నడిచి వెళ్ళి ఓటు పెట్టె దగ్గర కూర్చుంది. వేలికి స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టే పని ఆమెది.

ఎంత సందడి! నిజం ఓటరు మాదిరి బుర్ర గీక్కుంటూ ఆలోచించేవాళ్ళు కొందరు. చీటీని ఇంతంత చిన్నగా మడిచి, ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూసేవాళ్ళు కొందరు. వేలు కడుక్కుని రెండోసారి వచ్చి, చుక్క లేదు చూడండని అమాయకంగా చూపించే బుడంకాయ ఒకడు. చుక్క పెట్టించుకున్న ప్రతి పిల్లా ఆ వేలును జెండా మాదిరి పైకెత్తుకుని బయటికి పరుగెత్తింది. చేతులు అందిస్తుంటే, ఏ చెయ్యి ఊరిదో ఏ చెయ్యి కాలనీదో మాధవికి తెలియడం లేదు. అన్నీ వెచ్చగా, చెమటగా, తొందరగా ఉన్నాయి.

కుప్పంలో తాను చదువుకున్నప్పుడు క్లాసు లీడరును సారే పెట్టేవాడు. మాధవినే పెట్టేవాడు. పక్క బెంచీలో ఉషా అని ఒక పిల్ల ఉండేది, తనకంటే బాగా చదివేది. ఆమెను ఎవరూ అడగలేదు. మాధవి కూడా ఎందుకని అడగలేదు. ఈ పొద్దు ఆ పిల్ల మొహం ఇంత స్పష్టంగా ఎందుకు గుర్తొస్తోందో!

లెక్కింపు మొదలైంది. హెడ్మాస్టరు చీటీ విప్పి చదవడం, ప్రమీల నల్లబల్ల మీద గీత గీయడం. కిటికీలకు పిల్లలు గబ్బిలాల మాదిరి వేలాడుతున్నారు.

"టమాటా... టమాటా... పలక... టమాటా..."

"పలక... పలక... పలక..."

ఒక గీత అటు పెరిగితే ఒక గీత ఇటు పెరుగుతోంది. వెంకటేశులు వెళ్ళిపోలేదు. గేటు దగ్గర మోపెడ్ మీద కూర్చునే ఉన్నాడు. టమాటా అన్నప్పుడల్లా ఆయన పెదవులు కదులుతున్నాయి. మాధవికి ఎందుకో మామ మీద జాలేసింది. ఆ పిల్ల మీద ఆయన పెట్టుకున్న ప్రేమ అబద్ధం కాదు. దానితోపాటు ఆయన మోస్తున్న ఎక్కువ తక్కువల లెక్కే ఆ ప్రేమను చెడగొడుతోంది.

ఆఖరి చీటీలకు వచ్చేసరికి ఇద్దరూ దాదాపు సమానం. చంద్రిక, మమత చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఎవరి చెయ్యి ఎవరు గట్టిగా పిసుకుతున్నారో తెలియడం లేదు.

"పలక," అన్నాడు హెడ్మాస్టరు. ఇంకో చీటీ. "పలక." ఇంకోటి, అదే చివరిది. "పలక."

బడి పైకప్పు ఎగిరిపోయినట్టయింది. అరుస్తున్నది కాలనీ పిల్లలు మాత్రమే కాదు. బాక్సులు తీసుకున్న పిల్లలు కూడా ఎగురుతున్నారు. చంద్రిక కళ్ళు తుడుచుకుంటూనే మమతను ఎత్తుకోబోయింది. ఇద్దరూ కలిసి కింద పడ్డారు.

"మాట్లాడు, మాట్లాడు!" అని అందరూ కేకలు.

మమత బట్టలు దులుపుకుని లేచింది. "నా మొదటి మాట ఇది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఊరోళ్ళు ఒక వరుస, కాలనీవాళ్ళు ఒక వరుస కూచుంటాండాం. అట్ల కూచోమని ఎవురూ చెప్పలే. మనమే కూచుంటాండాం. ఈ పొద్దునుంచి క్లాసు ప్రకారం ఒకటే వరుస. ప్రతిపక్ష నాయకురాలు ఒప్పుకుంటే."

"ఒప్పుకుంటాండా!" అని చంద్రిక అరిచింది.

గేటు దగ్గర మోపెడ్ స్టార్టయిన చప్పుడు. మాధవి తలెత్తి చూసేసరికి దుమ్ము మాత్రమే ఉంది.

మధ్యాహ్నం ఒకటే వరుసలో అన్నాలయ్యాక ప్రమీల ఇంకో సంగతి చెప్పింది. రేపు కుప్పంలో బడుల మధ్య విద్యార్థి సభ. గెలిచిన ప్రధాని, ప్రతిపక్ష నాయకురాలు, ఇద్దరూ పోవాలి. సభ రెండు రోజులు. రాత్రి బస చేయాలి. ఎవరైనా ఒక తల్లి తోడు రావాలి. మమత తల్లి కంపెనీలో పనిచేస్తుంది, సెలవు దొరకదు.

"నేనొస్తా," అంది మాధవి. "బసకు వెతకనవసరం లేదు. మా అమ్మగారిల్లు కుప్పంలోనే. ఇద్దురూ ఆడే ఉంటారు."

పిల్లలిద్దరూ గంతులేశారు. ప్రమీల మాత్రం మాధవిని పక్కకు పిలిచింది.

"సంతోషం అమ్మా. అయితే ముందు మీ అమ్మను అడిగి చెప్పండి. ఆ బిడ్డను అంత దూరం తీసుకుపోయి గడప బయట నిలబెట్టేది వద్దు. ఓడిపోయినా తట్టుకుంటాది. అట్ల నిలబెడితే మాత్రం తట్టుకోలేదు."

మాధవికి చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాట నిజం కాబట్టే తగిలింది. అక్కడే, వరండా స్తంభం పక్కన నిలబడి ఫోన్ తీసింది.

"ఏమ్మే మాధవీ!" అమ్మ రంగనాయకమ్మ గొంతు పొంగిపోయింది. "రేపా? చంద్రికతోనా? అయ్యో, ఒబ్బట్లకు శనగబ్యాళ్ళు నానేస్తా ఉండు!"

"ఇంకో పాప గూడా వస్తాందిమ్మా. చంద్రిక స్నేహితురాలు. ఓట్లలో గెల్చింది ఆ పాపే."

"రానీ, రానీ. యా ఇంటి పిల్ల?"

అమ్మ అడుగుతున్నది ఇంటిపేరు కాదని మాధవికి తెలుసు. చంద్రిక, మమత ఇద్దరూ ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"కాలనీ పిల్లమ్మా. మనింట్లో, చంద్రిక పక్కనే పడుకుంటాది. మనతోపాటే కూచోని తింటాది. అది చెప్పాలనే ఫోన్ చేసినా."

కుప్పంలో కుక్కరు విజిల్ వేసింది.

"మీ మామకు తెల్సునా ఇది?"

"మామకు నేను ఇంటికి పోయి చెప్తా. నువ్వు నీ మాట చెప్పమ్మా."

"అవ్వ ఏమంటాంది?" చంద్రిక కొంగు పట్టి లాగుతోంది. "అమ్మా, ఏమంటాంది?"

మమత ఏమీ అడగలేదు. తల దించుకోనూ లేదు. మాధవి కళ్ళలోకే నేరుగా చూస్తూ ఉంది.

అటువైపు రంగనాయకమ్మ ఫోన్ పెట్టేయలేదు. మాటా చెప్పలేదు.

మాధవి కూడా పెట్టేయలేదు.